టేబులా, మ్యాట్రిక్సా? చదివేవాళ్ల వేలు ఎటు కదులుతుందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పవర్ బీఐలో (మైక్రోసాఫ్ట్ వాళ్ల రిపోర్టుల సాఫ్ట్‌వేర్) డీలర్ల అమ్మకాలు, బకాయిల మీద రిపోర్టు చేశారు. మేనేజర్ గారు "డీటెయిల్స్ అన్నీ కనపడాలి" అన్నారని 22 కాలమ్‌లతో టేబుల్ పెట్టారు. ఇప్పుడు ఆయనతో సహా అందరూ రిపోర్టు తెరవగానే ఎక్సెల్‌లోకి దించుకుంటున్నారు తప్ప అక్కడ ఎవరూ చదవడం లేదు. పోనీ అని మ్యాట్రిక్స్‌కి మార్చి చూస్తే టోటల్ తప్పు వస్తోంది. ఏది వాడాలి, టోటల్ ఎలా సరిచేయాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. టేబుల్ అంటే వరుసగా రాసుకుంటూ పోయే జాబితా. మ్యాట్రిక్స్ అంటే వరుసల్లో ఒకటి, కాలమ్‌లలో ఇంకోటి పెట్టి, అవి కలిసే గళ్లలో లెక్క చూపించేది. ఒక బిల్లునో ఒక డీలర్‌నో వెతికి దాని వివరాలు చూసుకునేవాళ్లకు టేబుల్. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చుకునేవాళ్లకు మ్యాట్రిక్స్. మీ మేనేజర్ గారికి కావాల్సింది మొదటి పేజీలో మ్యాట్రిక్స్, అందులో ఒక డీలర్ మీద నొక్కితే తెరుచుకునే రెండో పేజీలో టేబుల్. ఇక టోటల్ సంగతి. పదింట తొమ్మిదిసార్లు అది తప్పు కాదు. మీరు అనుకుంటున్న ప్రశ్నకి కాకుండా వేరే ప్రశ్నకి జవాబు చెబుతోంది, అంతే. మీది మాత్రం మిగిలిన ఆ పదోసారి కావచ్చు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను పదిహేనేళ్లుగా ఎంఐఎస్ రిపోర్టులే (కంపెనీ పెద్దలు చూసుకునే లెక్కలు) చేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం రొయ్యల, చేపల మేత అమ్మే ఒక కంపెనీలో. డీలర్లు, అప్పు మీద సరుకు, సీజన్ చివర్లో వసూళ్ల టెన్షన్, అన్నీ మీరు చెప్పినట్టే ఉండేవి. అక్కడ ఒక సీనియర్ అకౌంటెంట్ గారు ఉండేవారు. ఏ రిపోర్టయినా ప్రింట్ తీయించుకుని, ఒక అడుగు స్టీలు స్కేలు వరుస కింద పెట్టుకుని ఎడమ నుంచి కుడికి చదివేవారు. అదే కాగితం ఎండీ గారి దగ్గరికి వెళ్తే ఆయన వేలు ఒక్క కాలమ్ మీద పెట్టి పైనుంచి కిందికి జారుస్తూ, ఎక్కడో ఆగి "వీడికేంటి ఇంత?" అనేవారు. అకౌంటెంట్ గారికి కావాల్సింది టేబుల్, ఎండీ గారికి కావాల్సింది మ్యాట్రిక్స్. ఇద్దరికీ ఒకే షీటు ఇచ్చి ఇద్దరి చేతా తిట్లు తిన్నాను. ఇప్పటికీ కొత్త రిపోర్టు మొదలుపెట్టే ముందు, వాళ్ల చేతికి పాత కాగితం ఇచ్చి వేలు ఎటు పోతుందో చూస్తాను.

"అన్నీ కావాలి" అన్న మాటని ఉన్నదున్నట్టు నమ్మకండి. ఆ మాట అన్నవాళ్లకి సాధారణంగా భయం ఉంటుంది, పైవాళ్లు ఏదడుగుతారో తెలీదని. మా దగ్గర బకాయిల రిపోర్టు 19 కాలమ్‌లు ఉండేది. వసూళ్లు చూసే ఆయన రోజూ దాన్ని ఎక్సెల్‌లోకి దించుతున్నారని తెలిసి, ఒకరోజు పొద్దున్నే వెళ్లి పక్కన కూర్చున్నాను. దించారు. 14 కాలమ్‌లు చకచకా డిలీట్ చేశారు. డీలర్ పేరు, ఊరు, సేల్స్ ఆఫీసర్, మొత్తం బకాయి, 90 రోజులు దాటిన బకాయి, ఈ ఐదే మిగిలాయి. చివరి కాలమ్‌ని పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేసి, పై ఇరవై వరుసలు స్క్రీన్‌షాట్ తీసి సేల్స్ ఆఫీసర్ల వాట్సాప్ గ్రూపులో పడేశారు. నాలుగు నిమిషాల పని. అసలు రిపోర్టు ఆ ఐదు కాలమ్‌లే, మిగతా 14 నేను నా తృప్తి కోసం పెట్టుకున్నవి. మీరు కూడా ఎక్స్‌పోర్ట్ చేసుకునేవాళ్ల పక్కన ఒక్క పూట కూర్చోండి. వాళ్లు డిలీట్ చేసే కాలమ్‌ల జాబితా రాసుకుంటే మీ సగం డిజైన్ అయిపోయినట్టే.

అలాగని ఎక్స్‌పోర్ట్ ఆపేయకండి. ఆపితే డేటా టీమ్‌ని అడిగి నేరుగా తెప్పించుకుంటారు, అప్పుడు రెండు లెక్కలు తయారవుతాయి. కాకపోతే పరిమితి ఒకటుంది, అందరికీ చెప్పి ఉంచండి. పవర్ బీఐ నుంచి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) దించితే 30,000 వరుసలు, ఎక్సెల్‌గా దించితే 1,50,000 వరుసల దగ్గర ఆగిపోతుంది. దించిన ఫైల్లో సరిగ్గా 30,000 వరుసలు ఉన్నాయంటే అనుమానించాల్సిందే. మా దగ్గర ఒక కుర్రాడు అలాంటి ఫైలు మీద రెండు రోజులు ఎక్సెల్‌లో పివట్ (గుంపులుగా కూడి చూపే పట్టిక) వేసుకుని, సిస్టమ్ లెక్కే తప్పని మీటింగులో వాదించాడు.

ఇప్పుడు మీ టోటల్. దీనికి కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది ఒకసారి మనసుకెక్కితే మళ్లీ జన్మలో ఇబ్బంది పెట్టదు.

ఎక్సెల్ షీటులో కింద టోటల్ అంటే పై గళ్లను కూడడమే. పవర్ బీఐలో మెజర్‌కి (మనం రాసుకునే లెక్క సూత్రానికి) అలా కాదు. టోటల్ వరుస పై వరుసల కూడిక కాదు. అదే సూత్రాన్ని, ఆ వరుసల ఫిల్టర్ తీసేసి, మొత్తం డేటా మీద మళ్లీ లెక్క కట్టిన జవాబు. ఇద్దరు డీలర్లతో చూద్దాం. మొదటివాడి టార్గెట్ 100 బస్తాలు, అమ్మింది 150. సాధించింది 150 శాతం. రెండోవాడి టార్గెట్ 900, అమ్మింది 450. సాధించింది 50 శాతం. కింద ఎంత రావాలి? కొందరు రెండూ కూడి రెండుతో భాగించి 100 శాతం అంటారు. మ్యాట్రిక్స్ మాత్రం 60 శాతం చూపిస్తుంది, 1000కి 600 కాబట్టి. మ్యాట్రిక్సే కరెక్ట్. మొత్తం మీద 400 బస్తాలు వెనకబడి ఉంటే 100 శాతం అని చూపించే రిపోర్టు ఎవరికి కావాలి? శాతాన్ని డేటాలోనే కాలమ్‌గా తయారుచేసుకుని దానికి యావరేజ్ పెట్టకండి. అమ్మకాల మొత్తాన్ని టార్గెట్ల మొత్తంతో భాగించే మెజర్ రాయండి. డివైడ్ ఫంక్షన్ వాడితే టార్గెట్ సున్నా ఉన్నచోట కూడా గొడవ ఉండదు.

ఇంకో రకం. రొయ్య మేత అమ్మే డీలర్లు 40 మంది, చేప మేత అమ్మేవాళ్లు 35 మంది, కింద టోటల్ 58. "40, 35 కలిపితే 75 కదా" అని ఫోన్ వస్తుంది. రెండూ అమ్మేవాళ్లు 17 మంది ఉన్నారు, మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టలేం కదా. ఇక్కడ కూడా టోటల్ కరెక్టే. కానీ ఫోన్లు ఆగాలంటే కాలమ్ పేరు "డీలర్లు" అని కాకుండా "వేర్వేరు డీలర్ల సంఖ్య" అని పెట్టండి.

మూడోది మాత్రం నిజంగా తప్పే, మీ రిపోర్టులో జరుగుతున్నది బహుశా ఇదే. టార్గెట్ దాటిన ప్రతి బస్తాకి 10 రూపాయల ఇన్సెంటివ్ అనుకోండి. పై ఇద్దరిలో మొదటివాడు 50 బస్తాలు దాటాడు, 500 రూపాయలు. రెండోవాడికి సున్నా. కింద 500 రావాలి. వచ్చేది సున్నా! ఎందుకంటే టోటల్ దగ్గర సూత్రం మొత్తం అమ్మకాలు 600ని, మొత్తం టార్గెట్ 1000ని చూసి "టార్గెట్ దాటలేదు" అని తీర్పు చెప్పేస్తుంది. "ఒకవేళ ఇంత దాటితే" అనే షరతు ఉన్న ప్రతి మెజర్‌కీ ఈ జబ్బు ఉంటుంది. మందు సమ్‌ఎక్స్, అంటే వరుస వరుసకీ లెక్క కట్టి కూడే ఫంక్షన్. డీలర్ కాలమ్ మీద వాల్యూస్ (ఒక్కో పేరూ ఒక్కసారే వచ్చే జాబితా ఇచ్చే ఫంక్షన్) పెట్టి, దాన్ని సమ్‌ఎక్స్‌కి ఇచ్చి, లోపల మీ పాత ఇన్సెంటివ్ మెజర్‌ని పిలవండి. అప్పుడు ఒక్కో డీలర్‌కీ విడిగా లెక్క కట్టి తర్వాత కూడుతుంది. లెక్క నెలవారీ అయితే డీలర్, నెల జంట మీద తిప్పాలి, లేకపోతే సంవత్సరం టోటల్ దగ్గర మళ్లీ అదే కథ. ఒక జాగ్రత్త: ఇది తెలిశాక ప్రతి మెజర్‌కీ సమ్‌ఎక్స్ తగిలించకండి, పైన చెప్పిన శాతం టోటల్ చెడిపోతుంది. వేల మంది డీలర్లుంటే పేజీ నెమ్మదిస్తుంది కూడా.

బస్తా సగటు రేటు లాంటి వాటికి కొన్నిసార్లు టోటల్‌కి అర్థమే ఉండదు. రొయ్య మేత, చేప మేత కలిపిన సగటు రేటుతో ఎవరికీ పని లేదు. అలాంటి చోట ఈజ్‌ఇన్‌స్కోప్‌తో (ఇది మామూలు వరుసా, టోటల్ వరుసా అని చెప్పే ఫంక్షన్) టోటల్‌ని ఖాళీగా వదిలేయడమే మర్యాద.

టేబుల్ వైపు కూడా రెండు గోతులున్నాయి. ఒకటి అందరూ పడేదే: అంకెల్లా కనిపించే కోడ్‌లు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీ బిల్లులో సరుకు రకాన్ని చెప్పే అంకె), పిన్‌కోడ్, బిల్లు నంబరు, వీటన్నిటినీ పవర్ బీఐ కూడేస్తుంది. భీమవరం డీలర్ల పిన్‌కోడ్‌ల మొత్తం చూసి నవ్వుకున్న రోజులున్నాయి. మోడల్‌లోనే ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చండి, లేదా "డోంట్ సమ్మరైజ్" (కూడవద్దు) పెట్టండి.

రెండోది కనపడదు కాబట్టి ఎక్కువ ప్రమాదం. టేబుల్ విజువల్ మీ డేటాలోని వరుసలను ఉన్నవి ఉన్నట్టు చూపించదు. అన్ని కాలమ్‌లూ ఒకేలా ఉన్న వరుసలను కలిపేస్తుంది. ఒకే డీలర్‌కి ఒకే రోజు ఒకే రకం మేత 20 బస్తాల చొప్పున రెండు బండ్లు వెళ్లాయనుకోండి. టేబుల్లో తేదీ, డీలర్, సరుకు, బస్తాలు మాత్రమే పెడితే ఒక్క వరుసే వస్తుంది, 40 అని. టోటల్ సరిపోతుంది కానీ లెడ్జర్‌తో టిక్కులు పెట్టుకునే అకౌంటెంట్ గారికి ఒక వరుస తక్కువ. బస్తాల కాలమ్‌కి డోంట్ సమ్మరైజ్ పెట్టి ఉంటే ఇంకా ఘోరం, 20 అని ఒక్కసారే కనిపిస్తుంది, రెండో బండి మాయం. కాబట్టి వివరాల టేబుల్‌లో బిల్లు నంబరు, బిల్లులోని లైన్ నంబరు తప్పనిసరి. చూడ్డానికి బాగోకపోతే కాలమ్ వెడల్పు తగ్గించండి, తీసెయ్యకండి.

బకాయిల మ్యాట్రిక్స్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మ్యాట్రిక్స్ అసలు పుట్టిందే దీనికోసమా అనిపిస్తుంది. వరుసల్లో సేల్స్ ఆఫీసర్, ఆయన కింద డీలర్లు. కాలమ్‌లలో 0–30 రోజులు, 31–60, 61–90, 91–120, 121–180, 180 పైన. గళ్లలో బకాయి. మొదట అన్నీ ముడుచుకుని ఆఫీసర్ల పేర్లే కనిపించాలి, ప్లస్ గుర్తు నొక్కితే డీలర్లు తెరుచుకోవాలి. కాలమ్‌ల వరసలో తప్పకుండా దెబ్బ తింటారు. అవి టెక్స్ట్ కాబట్టి 0–30 పక్కన 121–180 వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత 180 పైన, ఆ తర్వాత 31–60. పక్కన 1, 2, 3 అని ఒక అంకెల కాలమ్ చేసుకుని "సార్ట్ బై కాలమ్" పెట్టాలి. నెలలకీ ఇదే పని. మన ఆర్థిక సంవత్సరంలో మొదటిది ఏప్రిలే, అక్షరక్రమంలోనూ ఏప్రిలే మొదట వస్తుంది కాబట్టి పైపైన చూసి సరిపోయిందనుకుంటాం. పక్కన ఆగస్టు ఉంటుంది.

బకాయిల్లో ఇంకో మెలిక, ఇది సాఫ్ట్‌వేర్ సంగతి కాదు. డీలర్ డబ్బు కట్టాడు, కానీ ఏ బిల్లుకో చెప్పలేదు. అకౌంట్స్‌లో "ఆన్ అకౌంట్" అని ఎంట్రీ పడింది. బిల్లుతో సర్దుబాటు కాలేదు కాబట్టి మ్యాట్రిక్స్‌లో ఆ డీలర్ 180 పైన కాలమ్‌లో ఎర్రగా మెరుస్తాడు. సేల్స్ ఆఫీసర్ అది పట్టుకుని షాపుకెళ్లి అడిగితే, రసీదు మొహాన కొడతాడు. మాకు అలా ఒక మంచి డీలర్‌తో మాటపట్టింపు వచ్చింది. అప్పటి నుంచి "సర్దుబాటు కాని రసీదులు" అని చివర ఒక కాలమ్ మైనస్‌లో పెడుతున్నాను. దాన్ని కలిపాకే వరుస టోటల్ లెడ్జర్ బ్యాలెన్స్‌తో సరిపోవాలి. సరిపోకపోతే రిపోర్టు బయటికి పంపకండి.

ఏడాదికి ఏడాదిని పోల్చే మ్యాట్రిక్స్ అయితే పేర్లు మారాయేమో చూసుకోండి. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా సిస్టమ్‌లో జిల్లా పేరు బిల్లు మీద నుంచి వచ్చేది. కైకలూరు డీలర్లు పాత బిల్లుల్లో కృష్ణా జిల్లా, కొత్త బిల్లుల్లో ఏలూరు జిల్లా. విభజన సరిగ్గా ఆర్థిక సంవత్సరం మొదట్లోనే రావడంతో మ్యాట్రిక్స్‌లో గీత గీసినట్టు 2021–22కీ 2022–23కీ మధ్య తెగింది. కృష్ణా అమ్మకాలు పడిపోయాయి, ఏలూరు వరుసలో పాత ఏడాది గడి ఖాళీ. ఎండీ గారు వేలు కృష్ణా దగ్గర ఆపి "మనవాళ్లు నిద్రపోతున్నారా?" అన్నారు. అక్కడి సేల్స్ మేనేజర్ గారు బిక్కమొహం వేశారు, ఎందుకో ఆయనకీ తెలీదు. తర్వాత జిల్లాని బిల్లు నుంచి కాకుండా డీలర్ మాస్టర్ (డీలర్ల వివరాల పట్టిక) నుంచి తీసుకున్నాం, పాత జిల్లా పేరుతో ఇంకో కాలమ్ కూడా ఉంచాం. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత డేటా వాడుతుంటే మీకూ ఇదే ఎదురవుతుంది.

అంకెలు కనిపించే తీరు మీద కొన్ని మాటలు. మ్యాట్రిక్స్‌లో పైసలు వద్దు, రూపాయలు కూడా చాలాసార్లు వద్దు. పైన "రూ. లక్షల్లో" అని ఒకసారి రాసి 12.3 అని చూపించండి, కళ్లకి హాయిగా ఉంటుంది. వివరాల టేబుల్లో మాత్రం పైసలతో సహా ఉండాలి, అక్కడ లెడ్జర్‌తో టాలీ చేస్తారు. ఎక్సెల్‌లో లక్షలు, కోట్ల దగ్గర కామా రావడానికి ఈ ఫార్మాట్ అందరూ వాడతారు:

`[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0`

బాగానే పనిచేస్తుంది, మైనస్ అంకెలు రానంతవరకూ. మైనస్ 12 లక్షలైనా అది లక్ష కంటే చిన్నదే కాబట్టి మూడో భాగంలో పడి కామాలు మిలియన్ల పద్ధతిలో వస్తాయి. పైన చెప్పిన రసీదుల కాలమ్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విండోస్ రీజియన్‌ని ఇంగ్లిష్ ఇండియాకి మార్చుకుంటే మామూలు కామా ఫార్మాటే మన పద్ధతిలో వస్తుంది, కాకపోతే ఆ ఫైలు తెరిచే ప్రతి మెషిన్‌లోనూ అలా ఉండాలి.

రంగులు ఒక్క కాలమ్‌కే వేయండి. మా దగ్గర 90 రోజులు దాటిన బకాయి మొత్తానికి మాత్రమే. ప్రతి గడికీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వేస్తే సంక్రాంతి ముగ్గులా ఉంటుంది, ఏది చూడాలో తెలీదు. అంకెలు కుడివైపుకి, పేర్లు ఎడమవైపుకి. ఇంతకు మించి అలంకారం అక్కర్లేదు.

అమ్మకం, టార్గెట్, శాతం మూడూ నెలవారీగా కావాలంటే 36 కాలమ్‌లై పక్కకి జరుపుకుంటూ పోవాల్సి వస్తుంది. ఫార్మాట్‌లో "స్విచ్ వాల్యూస్ టు రోస్" అని ఉంటుంది, అది ఆన్ చేస్తే మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి వచ్చి కాలమ్‌లు 12కి తగ్గుతాయి.

మ్యాట్రిక్స్ నుంచి వివరాల టేబుల్‌కి వెళ్లడానికి డ్రిల్‌త్రూ (ఎంచుకున్న డీలర్ వివరాలతో ఇంకో పేజీ తెరిచే సదుపాయం) పెట్టండి. పెట్టి ఊరుకోకండి, డీలర్ పేరు మీద రైట్ క్లిక్ చేయాలని ఎవరికీ తోచదు. మేము ఆరు నెలలు పెట్టి ఉంచాక, ఇలాంటిది ఒకటుందని ఇద్దరికే తెలుసని బయటపడింది. పేజీ మీద "ఈ డీలర్ బిల్లులు చూడండి" అని డ్రిల్‌త్రూ బటన్ పెట్టండి. డీలర్ వరుసని ఎంచుకోగానే అది వెలుగుతుంది.

చివరగా ప్రింట్. డీలర్లకి స్టేట్‌మెంట్ పంపాలన్నా, ఆడిటర్లకి నలభై పేజీల జాబితా ఇవ్వాలన్నా మామూలు పవర్ బీఐ పేజీ పనికిరాదు, తెర మీద కనిపించినంత వరకే ప్రింటవుతుంది. దానికి రిపోర్ట్ బిల్డర్ అనే విడి సాఫ్ట్‌వేర్‌లో పేజినేటెడ్ రిపోర్టు (పేజీలుగా ప్రింటయ్యే రిపోర్టు) చేయాలి. అక్కడ టేబుల్, మ్యాట్రిక్స్ రెండూ లోపల ఒకటే, ట్యాబ్లిక్స్ అంటారు. రెండో పేజీ నుంచి హెడింగ్ రాకపోవడం అక్కడ అందరినీ ఏడిపించే విషయం. ప్రాపర్టీస్‌లో "రిపీట్ హెడర్ రోస్" టిక్కు పెట్టినా మామూలు టేబుల్‌కి పనిచేయదు. కింద గ్రూపుల కిటికీలో కాలమ్ గ్రూప్స్ పక్కనున్న చిన్న బాణం నొక్కి అడ్వాన్స్‌డ్ మోడ్ పెట్టండి. రో గ్రూప్స్‌లో మొదటి "స్టాటిక్" ఎంచుకుని, రిపీట్ ఆన్ న్యూ పేజ్‌ని ట్రూ, కీప్ విత్ గ్రూప్‌ని ఆఫ్టర్ చేయండి. ఇది తెలీక నేను ఒక రాత్రి ఆఫీసులోనే తెల్లవార్చాను.

ఆ పొద్దున్న 38 పేజీల ప్రింట్, ప్రతి పేజీకీ హెడింగ్, చదవడం తేలికని ఐదు వరుసలకో గీతతో సహా, అకౌంటెంట్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన "బాగుందయ్యా" అని, సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి మొదటి వరుస కింద పెట్టుకున్నారు.